మఠం నవలా, మా వీరభద్రప్ప సారూ

వీరభద్రప్ప సార్ ఇక లేరన్న మాట ఫోన్లో విన్నప్పుడు నేను తరగతి గదిలో ఉన్నాను. "పొద్దుగాల చాయ్ తాగి, ఛాతీల జర పట్టినట్టున్నది అన్నడమ్మా. దవాఖానకు పోయేలోపట్నే..." అంటూ ఆయన సతీమణి సుశీలమ్మ మాట పూర్తి చేయలేకపోయారు. పిల్లలకు ఏం చెప్పి బయటికి వచ్చానో గుర్తు లేదు. రోజులు గడుస్తున్నా ఆ దుర్వార్తను మనసు అంగీకరించడం లేదు. ఫోన్ మోగితే చాలు, ఏ వాక్యమో నచ్చక సార్ మళ్ళీ పిలుస్తున్నారేమోనని ఉలిక్కిపడుతున్నాను.

గద్వాల దగ్గర పుట్టి, వనపర్తి కళాశాలలో చరిత్ర బోధించి, ఉద్యోగ విరమణ తరువాత ఆయన రాసింది ఒకే ఒక నవల. చాళుక్యుల కాలంలో తుంగభద్ర ఒడ్డున ఒక శైవమఠం. వానాకాలపు వరదకు దారులు మూసుకుపోయిన వేళ అక్కడ ఒకరి వెంట ఒకరుగా హతులవుతారు: వృద్ధ లేఖకుడు, కోశాధికారి, వంటశాలలో ఊడిగం చేసే బాలశిష్యుడు. హంతకుడు సాక్షాత్తూ మఠాధిపతేనని చివరికి తేలుతుంది. సార్ పెట్టిన సంస్కృత సమాసం ఎవరికీ నోరు తిరగక, మా జిల్లాల్లో అది 'మఠం నవల'గానే ప్రసిద్ధమైంది.

ఆయన శిష్యురాలిగా, తరువాత అదే కళాశాలలో సహోద్యోగినిగా, పాఠకుల సభలకు ఆయన వెంట వెళ్ళే భాగ్యం నాకు దక్కింది. పత్రికల్లో వచ్చే సమీక్షలంటే ఆయనకు గిట్టేది కాదు. "మొకం చూడకుంట చెప్పేది అభిప్రాయమేందమ్మా?" అనేవారు. వేదిక మీద కుదురుగా కూర్చున్న పాపాన పోలేదు. వెనక వరుసల దగ్గర చేతులు వెనక్కి కట్టుకుని అటూ ఇటూ తిరుగుతూ వినేవారు. ఎవరైనా పొగిడితే ఆ నడక వేగం పెరిగేది, ఎప్పుడు ముగిస్తారా అన్నట్టు.

గద్వాల సభలో విభూతి రేఖలు ధరించిన ఒక పెద్దాయన లేచి, "గురువును హంతకున్ని చేస్తవా? నీకు భయం గిట్ల లేదా?" అని గద్దించాడు. సభ బిగుసుకుపోయింది. సార్ నడక ఆపకుండానే, "నేను చెయ్యలేదయ్యా. ఆయనను కాపాడనీకి శాన పేజీలు కొట్లాడిన. ఆయన నా మాట ఇనలే" అన్నారు. అందరికంటే ముందు నవ్వింది ఆ పెద్దాయనే. కానీ తిరుగు ప్రయాణంలో సార్ ముఖంలో నవ్వు లేదు. "ఆయన బాధ నిజం గద. నవ్వించి పంపిన గని జవాబు చెప్పలే" అని దారి పొడవునా మథనపడ్డారు.

బిజినేపల్లి బడిలో జరిగిన సభను మాత్రం నేను ఈ జన్మలో మరువలేను. హంతకుణ్ణి తామెక్కడ పసిగట్టారో పాఠకులు ఒకరితో ఒకరు పోటీపడి చెప్పుకుంటున్నారు. అంతలో నా విద్యార్థిని లలిత తండ్రి బాలస్వామి లేచాడు. సేద్యం చేస్తాడు, వానలు మొండికేస్తే పూణె వైపు వలస పోతాడు. ఆయనకు చదువు రాదు. నవలంతా కూతురే చదివి వినిపించింది.

"సార్, మీ కథ మంచిగున్నది. ఎవడు సంపిండో తెలిసింది. గా వంటింట్ల సచ్చిన పిలగానికి అయ్య లేడా? ఒక్కనాడన్న వచ్చి అడగడా?"

"అది కథకు అక్కెర లేదే పెద్దమనిషీ" అన్నారెవరో ముందు వరుసలోంచి.

"కథకు అక్కెర లేదేమో. అయ్యకుంటది గద" అని ఆయన కూర్చున్నాడు.

సార్ నడక ఆగిపోయింది. వనపర్తి బస్సులో కిటికీ వైపు తిరిగి, "వానికి పేరు గూడ పెట్టలేదమ్మా నేను. మఠం ఏనుగుకు పెట్టిన గని, వానికి పెట్టలే" అన్నారు. మరునాటి నుంచి వేళాపాళా లేకుండా ఫోన్లు. తండ్రి ఏ కులవృత్తివాడై ఉంటాడు, వరదలో ఏరెట్లా దాటి వస్తాడు, మఠం వాళ్ళు లోపలికి రానిస్తారా అని. లలిత వాళ్ళన్న హాస్టల్లో ఉండగా విషజ్వరం వచ్చి పోయాడనీ, అప్పుడు బాలస్వామి పూణెలో ఉన్నాడనీ ఆ తరువాతే నాకు తెలిసింది. సార్‌కు చెప్పాను.

కొన్నాళ్ళకు కొత్త అధ్యాయం రాసుకుని, నన్ను వెంటబెట్టుకుని బిజినేపల్లి వెళ్ళారు. బాలస్వామి ఇంటి ముందర మంచం మీద కూర్చుని చదివి వినిపించారు. మృతబాలుడి తండ్రి మఠద్వారం ముందు నిలబడి మఠాధిపతిని శపించే ఘట్టం అది. ఆ సమాసాల ధాటికి నాకు ఒళ్ళు గగుర్పొడిచింది. బాలస్వామి తల వంచుకుని విన్నాడు.

"గన్ని మాటలు యాడికెల్లొస్తయి సార్? నేను పూణెకెల్లి వచ్చేటాలకు పిలగాని మట్టి అయిపోయింది. తెల్లారి హాస్టల్ కాడికి పోయిన. ఎందుకు పోయిన్నో తెల్వదు. 'మావోడు అన్నం తిన్నడా' అని అడిగిన. గంతే. ఇంకేం రాలే నోట్లెకెల్లి."

లలిత లోపలికి వెళ్ళిపోయింది. సార్ కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నారు. ఎంతో సంకోచంతో, "ఆ పిలగానికి మీవోని పేరు పెట్టుకోనా?" అని అడిగారు.

"వద్దు సార్. పుస్తకం తెరిసినప్పుడల్ల మల్ల సచ్చిపోతడు. మల్లయ్య అని పెట్టుర్రి. మా దిక్కు ఇంటికొకడుంటడు."

రెండవ ముద్రణలో ఆ అధ్యాయం అర పేజీకి మించలేదు. శాపం లేదు, సమాసం లేదు. మల్లయ్య తండ్రి వస్తాడు, ఆ ఒక్క ప్రశ్న అడుగుతాడు, గడప దగ్గర కూలబడతాడు. కథనవేగం దెబ్బతిన్నదని కొందరు, హంతకుడు దొరికాక ఇదెందుకని కొందరు నొసలు చిట్లించారు. "హంతకుడు దొరికితె అయిపోయిందని నేనూ అనుకున్న. అయిపోలేదమ్మా" అన్నారు నాతో. అయినా ఆయనకు శాంతి చిక్కలేదు. లేఖకుడికి కూడా భార్య ఉండి ఉంటుంది కదా అని మళ్ళీ మొదలుపెట్టారు. ఆ తపన చల్లారకముందే కాలం ఆయనను తీసుకుపోయింది.

నాగర్‌కర్నూల్‌లో ముందే ప్రకటించిన పాఠకుల సభ సంతాపసభగా మారింది. పాండిత్యం గలవారు ఇంకా పుడతారు. అచ్చయిన తన పుస్తకాన్ని ఒక తండ్రి మాట కోసం విప్పి మళ్ళీ అల్లుకునే వినయం మాత్రం మాకు మరొకరిలో కనబడలేదు. ఆ మహనీయ స్మృతికి అశ్రునయనాలతో ప్రణమిల్లుతున్నానని చెప్పి నేను వేదిక దిగుతుండగా, బల్మూర్ నుంచి వచ్చిన ఒక ఉపాధ్యాయురాలు చేతిలో మఠం నవలతో లేచింది. ఆమెకు మరణవార్త అక్కడికి వచ్చాకే తెలిసిందట.

"నేను సంతాపానికి రాలేదు మేడమ్. ఆయనతోని కొట్లాడనీకి వచ్చిన. మఠాధిపతి హంతకుడంటే నేనొప్పుకోను. నా లెక్కల వేరేటోడున్నడు."

"మాకు చెప్పండి, వింటాం" అన్నాను.

ఆమె నన్ను తేరిపార చూసింది. కళ్ళనిండా నీళ్ళు. "మీరు మంచిగనే ఇంటరు. ఇని ఊకుంటరు. ఆయన ఊకోడంట గద."

తాను పట్టుకున్న హంతకుడి పేరు ఎవరికీ చెప్పకుండానే ఆమె బల్మూర్ బస్సెక్కింది.