నా ప్రోగ్రాంలో మా ఇంటి వంతు

ఇంట్లో మొదటిసారి కాలేజీ మెట్లెక్కిన అమ్మాయిలకు కంప్యూటర్ సైన్సులో రెండు నెలల వేసవి పరిశోధన ఉందని మా లెక్చరర్ చెప్పిన రోజు నుంచి నాకు కాలు ఒకచోట నిలవలేదు. దొరికితే భత్యమూ ఇస్తారు. దొరక్కపోతే ఈ వేసవి కూడా అమ్మతో రొయ్యలు ఎండబెట్టడమే. పులికాట్ ఒడ్డున మా ఊళ్ళో, సరస్సులో వలలేసే చోట్లను కుటుంబాలు చీట్లు వేసుకుని వంతులవారీగా పంచుకుంటాయి. ఆ పంపకాన్ని గొడవ లేకుండా చేసే ప్రోగ్రాం రాసి పంపితే, ఇంటర్వ్యూకి తిరుపతి రమ్మన్నారు.

మా వైపు నుంచి వెళ్ళేవాళ్ళు దగ్గరి ఊరు కదా అని తడలో నేరుగా తిరుపతి బస్సు కోసం కాచుకోకండి. తెల్లవారగానే షేర్ ఆటోలో సూళ్ళూరుపేట చేరితే బస్సులు దొరుకుతాయి. "దర్శనానికా పాపా?" అన్నాడు ఆటో ఆయన. ఇంటర్వ్యూకన్నాను. "అయితే ముందు ఏమన్నా తిను, మొగం పీక్కపోయుండాది," అన్నాడు. నాయుడుపేట, శ్రీకాళహస్తి మీదుగా మూడు గంటల దారి. కిటికీ పక్క సీటు దొరికినా బయటికి చూసింది లేదు. ల్యాప్‌టాప్ తెరవడం, మూయడం. పక్కనున్న పెద్దావిడ చూసీ చూసీ, "ఏంది పాపా, ఆ మూత ఊడొచ్చేటట్టుండాది," అంది.

ఇంటర్వ్యూ జరిగే చోటికి గంట ముందే చేరాను. క్యాంటీన్‌లో ఇడ్లీ తెప్పించుకుని సగం వదిలేసి, వరండా ఈ చివర నుంచి ఆ చివరకు తిరిగాను. లోపల ఒక మేడమ్, ఒక సార్. ప్రోగ్రాం నడిపాను. తెర మీద కుటుంబాల పేర్లు వరుసగా వచ్చాయి.

"బాగుందమ్మా. మీ ఇంటి వంతు ఎప్పుడు?" అని అడిగారు మేడమ్.

"మాకు రాదు మేడమ్. పెళ్ళయిన మగవాళ్ళకే వంతు. నాయన పోయినాక అమ్మకు లేదు."

"అది ఊరి కట్టుబాటు. ఇందులో రాసిందెవరు?"

నేనే. పుట్టినప్పటి నుంచి వింటున్న మాట కాబట్టి, రాసేటప్పుడు చెయ్యి ఆగనైనా లేదు. 'పెళ్ళయిన మగవాళ్ళకే' అన్న ఒక్క లైనుతో మా అమ్మను నేనే తీసేశాను. సిగ్గేసింది, కోపమూ వచ్చింది. రెండు నెలల్లో ఏం చేస్తావని సార్ అడిగినప్పుడు, బట్టీపట్టిన జవాబు వదిలేశాను. "లెక్కలోకి ఎవరు రావాలో ముందే తేల్చేసేది ఎవరో, అది చూస్తాను సార్," అన్నాను.

తిరుగు బస్సులో అమ్మ ఫోన్ చేసింది. "యాడుండావు?"

"కాళహస్తి దాటినామ్మా."

"ఏమడిగినారు?"

"మన వంతెప్పుడని అడిగినారు. లేదని సెప్పినా."

"వాళ్ళన్నా అడిగినారు," అంది అమ్మ.

ఫలితం ఇంకా రాలేదు. ఇది రాస్తూ కూడా ఫోన్ తీసి చూసుకుంటూనే ఉన్నాను. ఆ లైను తీసేసి ప్రోగ్రాం మళ్ళీ నడిపితే అమ్మ పేరు వచ్చింది. ఊళ్ళో ఏమీ మారలేదు, మారిందల్లా నా తెర మీదే. అయినా ల్యాప్‌టాప్ మూయబుద్ధి కాలేదు. ఈ ఇంటర్వ్యూకి వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట: బస్సెక్కేముందు, మీ ప్రోగ్రాంలో మీ అమ్మ పేరు వేసి ఒకసారి నడిపి చూసుకోండి.