కారం పురుగుల తుల్సీబాయి

తుల్సీబాయి మొదటిసారి మా దుకాణానికి వచ్చిన రోజు నేను ఒక పురుగును తినబోయాను. ఈ మాట ఒప్పుకోవడానికి నాకు రెండేళ్లు పట్టింది. గార్ల బజారులో ముప్పై ఏళ్లుగా దాణా అమ్ముతున్నవాణ్ని. కౌంటరు మీద ఎవరు ఏం పెట్టినా గుప్పెడు తీసి వాసన చూడటం, రెండు గింజలు నోట్లో వేసుకుని నమలడం నాకు అలవాటు. ఆమె పాత బిస్కెట్ల డబ్బా తెచ్చి మూత తీసింది. గోధుమ రంగులో, వేలి కణుపంత పొడవున, కదిపితే గలగలమంటున్నాయి. కొంచెం మాడిన పేలాలు అనుకున్నాను.

"సేటు, ఆగు! గవి పురుగులు."

చెయ్యి పెదవుల దాకా వెళ్లి ఆగింది. మా ఆవిడ జానకి సరిగ్గా అప్పుడే టీ గ్లాసుతో వచ్చింది. "ఏకాదశి నాడు ఉల్లిగడ్డ గూడ ముట్టని ఇల్లు మనది. నువ్వు పురుగులు బుక్కుతున్నవా?" అని అందరి ముందూ నిలదీసింది.

నాకు ఒళ్లు మండింది. డబ్బా వెనక్కి తోసి, "మాది శాకాహారుల దుకాణం తల్లీ. గిసొంటివి మేం పెట్టం," అన్నాను. తుల్సీబాయి కదలలేదు. మూలనున్న బస్తాలను వేలితో చూపించి, "మరి గవి ఏంది సేటు?" అని అడిగింది.

"ఎండుచేపల పొడి. కోళ్ల దాణాల కలుపుతరు."

"చేపలు మీ పెరట్ల కాసినయా?"

జానకి పక్కున నవ్వింది. నాకు కోపం ముందు వస్తుంది, కుతూహలం దాని వెనకాలే వస్తుంది. ఆ రోజు రెండూ ఒకేసారి వచ్చాయి. డబ్బా మళ్లీ ముందుకు లాక్కుని, ఇవి ఎక్కడివి, ఎట్లా ఎండబెట్టావు, కోళ్లు తింటాయా అని గంటసేపు ఆమెను కూర్చోబెట్టాను.

ఆమెది గార్లకు నాలుగు కిలోమీటర్ల అవతలి తండా. భర్త పేరు ధన్‌సింగ్. ఎకరంన్నర చెలక ఉంది, వానొస్తే పండుతుంది. పదకొండేళ్ల పాటు ప్రతి ఉగాది తెల్లవారి ఒక నీలం రేకు పెట్టెలో బట్టలూ గిన్నెలూ సర్ది, బస్సు మీదికి ఎక్కించి, హైదరాబాద్ శివార్లలోని ఒక కోళ్ల ఫారానికి పోయేవాళ్లు. వానలు పడ్డాక తిరిగి వచ్చేసరికి ఒక ఏడు ఇంటి కప్పు కూలింది, ఒక ఏడు పొయ్యిలో పాము గుడ్లు పెట్టింది. "పదకొండేండ్లు నా ఇంటికి తాళమేసి పరాయోళ్ల కోళ్లకు కావలి కాసిన సేటు," అంది. ఆ మాటలో ఏడుపు లేదు, కోపం ఉంది.

ఆ ఫారం యజమాని ఒక మూలన ఈ పురుగులను పెంచడం మొదలుపెట్టి, వాసన భరించలేక వదిలేశాడు. ఆ ఏడు వానలు పడేదాకా వాటిని చూసుకున్నది తుల్సీబాయే. వచ్చేటప్పుడు ఆమె ఒక అగ్గిపెట్టెలో వాటి గుడ్లు తెచ్చుకుంది. బస్సులో పక్కనున్నాయన బీడీకి అగ్గిపెట్టె అడిగితే, ఖాళీదని చెప్పి కొంగులో ముడివేసుకుందట.

వారం తిరక్కుండానే నేను తండాకు వెళ్లాను. జానకికి మాత్రం రావాల్సిన ఖాళీ సంచులు తేవాలని చెప్పాను. రేకుల కొట్టం ఒక మూలన దోమతెర కట్టి ఉంది. లోపల నల్లటి సన్నటి ఈగలు తిరుగుతున్నాయి. నేను భుజం మీది తువ్వాలుతో విసురుకోబోతే తుల్సీబాయి నవ్వింది.

"కుట్టయి సేటు. అన్నం మీద వాలయి. రెక్కలొచ్చినంక గవి ఏమీ తినయి."

"తినకుంట ఎట్ల బతుకుతయి?"

"పురుగుగ ఉన్నప్పుడే తిని దాసుకుంటయి. ఎనిమిది దినాలు గదే తిండి. గుడ్లు పెడుతయి, పోతయి."

నాకు ఆశ్చర్యమేసింది. తిండి లేకుండా రెక్కలు వేసుకుని తిరిగే ప్రాణి ఉంటుందని నేను ఎన్నడూ వినలేదు. చెక్కముక్కల సందుల్లో గుడ్లు చూపించింది, బియ్యపు నూక కన్నా సన్నం. తరవాత టబ్బుల దగ్గరికి తీసుకుపోయింది. గార్ల అంగట్లో మిగిలిపోయిన కుళ్లిన టమాటాలు, వంకాయలు, అరటితొక్కలు వాటిలో ఉన్నాయి. "చెవి పెట్టు," అంది. వంగి విన్నాను. చిన్నమంట మీద నూనె చిటపటలాడినట్టు సన్నటి చప్పుడు. వేల నోళ్లు తింటున్న చప్పుడది. పైన అరచెయ్యి పెడితే వెచ్చగా తగిలింది. తిండికి తిమ్మరాజు, పనికి పోతురాజు అని మనుషులను తిట్టుకుంటాం గానీ, వీటికి తినడమే పని.

అన్నిటికన్నా నన్ను కట్టిపడేసింది ఒక వాలు చెక్క. పురుగు ముదిరి నల్లబడగానే తిండి మానేసి, తనంతట తాను ఆ చెక్క ఎక్కి, చివరనున్న బకెట్లో పడుతుంది. దొంగ తనే ఠాణాకు నడిచిపోయినట్టు ఒకదాని వెనక ఒకటి పోతుంటే అరగంట అట్లాగే నిలబడ్డాను. ఆ నల్లవి విత్తనానికట. వాటిని చీకట్లో దాస్తే రెక్కలొచ్చి ఈగలవుతాయి. దాణాకు పనికొచ్చేవి నల్లబడక ముందే జల్లెడ పట్టాలి. మరిగే నీళ్లలో ముంచి తీయాలి, మూడు రోజులు ఎండబెట్టాలి, చివరకు పేలాలు వేయించినట్టు ఇసుకలో వేయించాలి. విరిస్తే టక్కుమనాలి. వంగిందంటే లోపల పచ్చి ఉన్నట్టు, నాలుగు రోజుల్లో ముక్కిపోతుంది. ఇవన్నీ ఆమె చదివి చెప్పలేదు, చేసి చెప్పింది.

ధన్‌సింగ్ మంచంలో కూర్చుని మా ఇద్దరినీ పిచ్చివాళ్లను చూసినట్టు చూస్తున్నాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషి. అప్పటికి ఎనిమిది నెలలుగా ఆమె పురుగులు తండా కోళ్లకే పోతున్నాయి తప్ప కొనేవాళ్లెవరూ లేరు. ఫారం యజమాని మళ్లీ ఫోన్ చేశాడు. నీలం పెట్టెను ధన్‌సింగ్ కడిగి గడప పక్కన బోర్లించాడు.

"ఉగాది లోపల గివి ఎవరన్న తీస్కుంటే ఉందం. లేకుంటే పండుగ తెల్లారి బండెక్కుదం," అన్నాడు. తుల్సీబాయి టబ్బుల వైపు తిరిగింది. పెట్టె వైపు మాత్రం చూడలేదు.

దేవరుప్పుల దగ్గర సారయ్య అని నా పాత ఖాతాదారుడున్నాడు. రెండు వేల నాటుకోళ్లు పెంచుతాడు. దాణాను ఎలుకలు సగం తింటున్నాయని ఎప్పుడూ మొత్తుకుంటాడు. నేను ఫోన్ చేసి చెబితే, "రెండు బస్తాలు తీస్కరా, చూద్దం," అన్నాడు.

రెండు బస్తాలంటే మాటలా! ఆమె వాకిట్లో అంత సరుకు ఎండబెట్టే చోటు లేదు. మబ్బులు పడుతున్నాయి. ఆమె మరిది వాల్యా మిరపకాయలు బస్తాలకెత్తి వారమైంది, కల్లం ఖాళీగా ఉంది. ఊడ్చి, అక్కడే అదే టార్పాలిన్ల మీద మూడు రోజులు పురుగులను ఆరబోసింది. నేను పోయి చూశాను. విరిచాను, టక్కుమంది. ముక్కు దగ్గర పెట్టుకుని దీర్ఘంగా పీల్చాను. ముక్కిన వాసన ఏ కోశానా లేదు. "ఫస్ట్‌క్లాస్," అని బస్తాల మూతులు నేనే కుట్టాను.

ట్రాలీ ఆటోలో తుల్సీబాయి, ధన్‌సింగ్, నేను ముగ్గురం పొద్దున బయలుదేరి ఎండెక్కేసరికి దేవరుప్పుల చేరాం. సారయ్య బస్తా విప్పి, నాలాగే తల లోపలికి పెట్టి వాసన పీల్చాడు. అంతే, తుమ్ము మీద తుమ్ము. తొమ్మిది వరకు నేను లెక్కపెట్టాను. కళ్ల వెంట నీళ్లు కారుతుంటే, "ఏం కలిపిన్రు వెంకట్రాజం?" అని అరిచాడు.

నేను ముక్కు పెట్టాను. ఏమీ లేదు. తుల్సీబాయి ముక్కు పెట్టింది. ఏమీ లేదు. ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాక ఇద్దరికీ ఒకేసారి తెలిసింది. మాఘం నుంచి ఉగాది దాకా మా దిక్కు గాలి అంతా మిరపకారమే. కల్లాల్లో కారం, బజార్లో కారం, బస్తాల్లో కారం. పుట్టినప్పటి నుంచీ అది పీల్చిన ముక్కులు మావి. పత్తీ వరీ పండే ఊరివాడు సారయ్య.

"కోళ్ల నోర్లు మండి సస్తయి. వాపస్ తీస్కపోండ్రి," అన్నాడు.

ధన్‌సింగ్ బస్తా భుజానికెత్తుకుని ఆటో వైపు నడిచాడు. నాకు సిగ్గేసింది. ఆమె సరుకు బాగుందో లేదో తేల్చింది నా ముక్కు. ముప్పై ఏళ్ల అనుభవమని నేను మురిసిపోయిన ముక్కు.

తుల్సీబాయి మాత్రం ఇనుప జాలీ పక్కన నిలబడి కోళ్లను చూస్తోంది. ఉన్నట్టుండి, "అన్నా, చిలుక మిరపకాయ తింటదా లేదా?" అని అడిగింది.

"తింటది," అన్నాడు సారయ్య ముక్కు తుడుచుకుంటూ.

"తిని నీళ్లకు ఉరుకంగ ఎన్నడన్న చూసినవా? మా తండ కోళ్లు పొద్దంత కల్లంల మిరపగింజలు ఏరుకొని తింటయి. ఒక్క కోడి తుమ్మంగ నేను చూడలె."

"మీ కోళ్లకు అలవాటు."

"అయితె నీ కోళ్లల్ల ఐదింటిని ఇడువు. దేనికన్న ఏమన్నైతె నా ఇంటి కోళ్లు తెచ్చి ఇస్త."

సారయ్యకు కూడా కుతూహలం పుట్టినట్టుంది. ఐదు పెట్టలను వేరుగా వదిలాడు. తుల్సీబాయి గుప్పెడు చల్లింది. ముందున్న పెట్ట మెడ వంచి ఒక కంటితో చూసింది, ఒకటి పొడిచింది. తరవాత ఐదూ మీద పడ్డాయి. జాలీ అవతలి కోళ్లు గోల మొదలుపెట్టాయి. ధన్‌సింగ్ బస్తా భుజాన ఉండగానే వెనక్కి తిరిగి నిలబడిపోయాడు.

సారయ్య కుర్చీ తెప్పించుకుని కూర్చున్నాడు. గంటసేపు నలుగురం ఆ ఐదింటినే చూశాం. ఒక్కటీ నీళ్ల గిన్నె వైపు పరుగెత్తలేదు. అనుమానం తీరక సారయ్య ఒక పురుగును తడిమి, ఆ వేలు నాలుక మీద పెట్టుకున్నాడు. అతనే చెంబెడు నీళ్లు తాగాడు.

"కోడికి కారం తెల్వదా?" అన్నాడు, చిన్నపిల్లాడిలా. దాణా అమ్మే నాకూ తెలియదు, కోళ్లు పెంచే అతనికీ తెలియదు. కల్లంలో కోళ్లను తోలుకుంటూ పెరిగిన మనిషికి తెలుసు. "రెండు బస్తాలు ఉండనియ్యి. కొన్ని దినాలు పెట్టి చూస్త. మంచిగుంటె ఫోన్ చేస్త," అన్నాడు సారయ్య.

ఉగాదికి ఇంకా తొమ్మిది రోజులున్నాయి. ఏడు రోజులు ఫోన్ రాలేదు. నేను రెండుసార్లు చేస్తే ఎత్తలేదు. జానకి, పురుగులంటే ముఖం చిట్లించిన జానకి, అన్నం వడ్డిస్తూ, "వచ్చిందా?" అని అడిగేది. పండగ ముందురోజు పొద్దున్నే మోగింది.

"వెంకట్రాజం, పరేషాన్ల ఉండి ఫోన్ ఎత్తలె. కోళ్లు మంచిగున్నయి. గది గాదు ముచ్చట. గోదాంల ఉన్న బస్తాలన్ని ఎలుకలు కొరికినయి. గీ రెండింటిని ముట్టలె. నెలకు నాలుగు పంపుమను. కల్లం మాత్రం మార్చొద్దను. గదే కల్లం."

నేను దుకాణం జానకికి వదిలేసి తండాకు బండి తీశాను. నీలం పెట్టె వాకిట్లో మూత తెరిచి ఉంది. సగం బట్టలు సర్దారు. చెప్పాను. తుల్సీబాయి గడప మీద కూలబడి కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. వాళ్ల భాషలో ఏదో అంది. ధన్‌సింగ్ లేచి వచ్చాడు. పెట్టెలోని బట్టలన్నీ తీసి మంచం మీద పడేశాడు. పెట్టెను బోర్లించి, సుత్తె, పెద్ద మేకు తెచ్చి, టంగు టంగున చిల్లులు పొడవడం మొదలుపెట్టాడు. మనిషికి మతి పోయిందనుకున్నాను.

"ఏం చేస్తున్నవు ధన్‌సింగ్?"

"నల్లబడ్డయి రెక్కలొచ్చెదాక చీకట్ల ఉండాల్నట సేటు. గాలి గూడ ఆడాలె," అన్నాడు తలెత్తకుండా.

తుల్సీబాయి ముఖం మీది కొంగు తీసింది. నాకూ అర్థం కావాలనేమో, తెలుగులోనే అంది.

"ఇంక నాలుగు పొడువు. మల్ల బట్టలు పెట్టరాకుంట."