ఎవరికీ ఇష్టం లేని సంబంధం

మా కృష్ణా జిల్లాలో "వద్దు" అనే మాటను ఎవరూ నమ్మరు. విందులో విస్తరి ముందు కూర్చుని "చాలండీ" అని చూడండి, ఇంకో గరిటె పడుతుంది. "నిజంగా చాలండీ బాబూ" అంటే రెండు గరిటెలు. విస్తరికి చెయ్యి అడ్డం పెడితే "మొహమాటపడకండి" అంటూ ఆ చెయ్యి పక్కకి తీసి మరీ వడ్డిస్తారు. మరి కడుపు నిజంగా నిండినవాడు ఆ సంగతి ఏ మాటతో చెప్పుకోవాలి? చాలు అన్న ప్రతిసారీ ఇంకా వెయ్యమన్నట్టే అయితే, చాలని చెప్పడానికి ఇక మాటే మిగలదు కదా! తర్కం చదువుకున్నవాళ్ళు దీన్ని చిక్కుముడి అంటారేమో. మా ఉయ్యూరులో దీన్ని మర్యాద అంటారు.

తొంభైల చివర్లో ఈ మర్యాద నా మెడకే చుట్టుకుంది. అప్పటికి నేను విజయవాడలో బీయెస్సీ లెక్కలు పూర్తి చేశాను. ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్షలో మంచి ర్యాంకే వచ్చింది. సోమవారం గుంటూరు దగ్గర యూనివర్సిటీలో కౌన్సెలింగ్. ఆ రోజు వెళ్ళకపోతే సీటు పోతుంది. సరిగ్గా అప్పుడే వన్ టౌన్‌లో ఉండే మా మేనత్త ఒక సంబంధం పట్టుకొచ్చింది. అబ్బాయివాళ్ళది ఇనప సామాన్ల హోల్‌సేల్ కొట్టు. వాళ్ళింటికి చదువుకునే కోడలు అక్కర్లేదని అత్తే ముందుగా చెప్పేసింది.

పెళ్ళిచూపులు అత్తయ్య వాళ్ళ మేడ మీద జరిగాయి. పిల్లా పిల్లాడూ మాట్లాడుకోవాలని మమ్మల్ని వరండాలోకి తోలారు. అతను కింద బండిలోంచి దించుతున్న బస్తాల వైపే చూస్తున్నాడు. చివరికి నేనే అడిగాను.

"మీకీ సంబంధం ఇష్టమేనా అండీ?"

"మీ ఇష్టమండీ."

"నా సంగతి కాదు. మీకు?"

"మా అమ్మ ఇష్టమేనండీ."

లోపలికొచ్చి వాళ్ళమ్మగారిని అడిగితే ఆవిడ నవ్వి, "మాదేముందమ్మా, చేసుకునేవాడు వాడు. వాడి ఇష్టం," అన్నారు.

మనవాళ్ళు మాత్రం తక్కువ తిన్నారా? ఇంటికొచ్చాక అమ్మ "మీ నాన్నగారి ఇష్టం" అంది. నాన్న "తెచ్చింది అక్కయ్య, ఆవిడ ఇష్టం" అన్నారు. అత్తేమో ఫోన్‌లో "పిల్ల మీది, మీ ఇష్టం, మధ్యలో నేనెవర్ని?" అంది. గానుగెద్దు నయం, తిరిగి తిరిగి కాస్త నూనైనా ఇస్తుంది. ఇక్కడ ఒకరి ఇష్టం ఇంకొకరి మీద, వాళ్ళ ఇష్టం మళ్ళీ వీళ్ళ మీద. మొత్తం చుట్టి వచ్చినా ఇష్టపడ్డ మనిషి ఒక్కరూ కనబడరు. కానీ సంబంధం మాత్రం ముందుకు నడుస్తోంది! మౌనం అర్ధాంగీకారం అంటారు పెద్దలు. రెండు వైపులా మౌనం వహించేసరికి రెండు సగాలూ కలిసి పూర్తి అంగీకారం అయిపోయింది. ఆదివారం తాంబూలాలు అన్నారు.

నేను నోరు మూసుకుని కూర్చున్నాననుకునేరు. వద్దని చెప్పాను. అన్నం తింటూ చెప్పాను, ఏడుస్తూ చెప్పాను, కంచం విసిరికొట్టి కూడా చెప్పాను.

"సిగ్గుపడుతోందిలెండి," అంది అమ్మ.

"మా రోజుల్లో ఇంతకన్నా ఏడ్చేవాళ్ళం," అంది ఫోన్‌లో అత్త, సంతోషంగా.

గట్టిగా వద్దంటే గట్టిగా సిగ్గుపడ్డట్టు. ఏం మనుషులండీ వీళ్ళు! ఆ వారమంతా నాకు నిద్ర పట్టలేదు. చదువు పోతోందన్న దిగులు ఒకటి, నా నోట్లోంచి వచ్చే మాటకు విలువ లేదన్న ఉక్రోషం ఒకటి. రెండోదే ఎక్కువ కాల్చింది.

ఆదివారం అత్తయ్య వాళ్ళ హాల్లో అందరూ చాపల మీద కూర్చున్నారు. పంతులుగారికి ఇంకోచోట గృహప్రవేశం ఉంది, ఆయన కంగారు ఆయనది.

"ఇరువైపులా సమ్మతమేనా?" అన్నారు.

"అంతా మీ ఇష్టమండీ," అన్నారు నాన్న.

"అబ్బెబ్బే, ఆడపిల్లవారు మీరు. మీ ఇష్టమండీ," అన్నారు అబ్బాయి నాన్నగారు.

"ఎవరో ఒకరు ఊఁ అనండి బాబూ, వర్జ్యం వచ్చేస్తోంది!"

అప్పుడు తట్టింది నాకు. ఇక్కడ వద్దంటే ఎవరూ వినరు. కానీ "నాకు కావాలి" అని నోరు విప్పి అనడం అంతకన్నా మర్యాద తక్కువ. ఆ మాట మా వైపు పెద్దమనుషులెవరికీ నోరు తిరగదు. లేచి నిలబడ్డాను.

"పంతులుగారూ, నేను కాదనను. ఇక్కడున్నవాళ్ళలో ఒక్కరు, ఎవరైనా సరే, 'ఈ సంబంధం నాకిష్టం' అనమనండి. మీ ఇష్టం అని కాదు, నాకిష్టం అని. ఒక్కరన్నా చాలు, తల వంచుకుని కూర్చుంటాను."

అబ్బాయి తల్లి "మీ..." అని మొదలుపెట్టి ఆగిపోయారు. మా అత్త చీర కొంగు సర్దుకుంది. నాన్న పైకి, ఫ్యాన్ వైపు చూశారు. అబ్బాయి మొహంలోకి మాత్రం వెలుగొచ్చింది పాపం, అతనికీ ఎక్కడో ప్రాణం లేచొచ్చినట్టుంది. పంతులుగారు గడియారం చూసి, పంచాంగం సంచిలో పెట్టుకుని గృహప్రవేశానికి వెళ్ళిపోయారు.

ఆయన గుమ్మం దాటారో లేదో, అందరికీ ఒక్కసారిగా ఇష్టం పుట్టుకొచ్చింది!

"ఎంత ఇష్టపడి వచ్చామండీ మేము!" అన్నారు అబ్బాయి తల్లి.

"బంగారంలాంటి సంబంధం! చేజేతులా చెడగొట్టుకుందే!" అని అత్త నెత్తి కొట్టుకుంది.

సంబంధం ఉన్నంతసేపూ ఎవరికీ అక్కర్లేదు, పోయాక అందరికీ కావాలి. వాళ్ళ మొహాలు చూస్తుంటే నవ్వూ వచ్చింది, అసహ్యమూ వేసింది.

అత్తకు సర్దిచెప్పడానికి అమ్మ అక్కడే ఉండిపోయింది. ఉయ్యూరు బస్సులో నాన్నా నేనూ పక్కపక్కన కూర్చున్నాం. బెంజ్ సర్కిల్ దాటాక ఆయన మెల్లగా అన్నారు.

"నాకూ మొదట్నుంచీ మనసొప్పలేదే."

"మరి ఆ మాట అనలేదేం?"

"నీకిష్టమేమోననుకున్నా."

"వద్దని మొత్తుకున్నాను కదా నాన్నా! సిగ్గో కాదో, ఎదురుగా కూర్చోబెట్టి ఒక్కసారి అడగొచ్చుగా?"

ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నారు.

"అడిగితే నిజం చెబుతావని భయమేసిందమ్మా. అప్పుడు అక్కయ్యకి కాదని నేను చెప్పాలిగా."

నాకు ఒళ్ళు మండిపోయింది. నా బతుకంతా ఒకవైపు, అక్కగారి ముందు ఇబ్బందిపడే ఒక్క నిమిషం ఒకవైపు పెడితే, ఆయనకు ఆ నిమిషమే బరువైందన్నమాట. ఆ మాట మొహం మీదే అనేశాను.

బస్సు దిగాక, "రేపు నీతో నేనూ గుంటూరు వస్తాను," అన్నారు.

నా కోపమంతా అక్కడికక్కడే కరిగిపోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎంతైనా నాన్న నాన్నే అనుకున్నాను.

"పొద్దున్నే అక్కయ్య ఫోన్ చేస్తుంది," అన్నారాయన. "ఇంట్లో ఉంటే ఎత్తాలి."