మందు కాదు, బిళ్ళ

విజయనగరం వీధుల్లో "కవళ్లమ్మో, కవళ్లు!" అని కేకేస్తూ చేపలమ్మే అసిరమ్మ నాలుగు గుమ్మాలకోసారి ఆగుతుంది. నెత్తిమీద గంప దించకుండానే ఎడమచేత్తో పొట్ట నొక్కుకుంటుంది. కడుపులో మంట కన్నా, అది తగ్గకపోవడమే ఆమెకు ఒళ్లు మండిస్తోంది. కారం మానేసింది, చింతపులుసు మానేసింది, చెంబులకొద్దీ మజ్జిగ తాగింది. డాక్టర్లు రాసిన గొట్టం మాత్రలు వారం పనిచేస్తాయి, మళ్లీ మామూలే. "నానేటి తినీసినానే, సచ్చిందానా!" అని తన పొట్టనే తిట్టుకుంటుంది.

మొన్న ఆసుపత్రిలో కొత్త డాక్టరమ్మ, "ఇంకేమైనా మందు తీసుకుంటున్నావా?" అనడిగింది. అసిరమ్మ కస్సుమంది. "మందా! మా మావ తాగుతాడు గానీ నాను ముట్టను."

"అది కాదమ్మా, ఒంటికి బాగోకపోతే వేసుకునే మందు."

"అదీ నేదు," అంటూనే అసిరమ్మ మెడ రుద్దుకుని, చెంగు ముడిలోంచి ఓ బిళ్ళ తీసి నోట్లో వేసుకోబోయింది. డాక్టరమ్మ చప్పున చెయ్యి పట్టుకుంది.

"ఇది మందేటి? మెడనొప్పి బిళ్ళ. పొద్దున్నే టీతో ఒకటి, తరవాత రెండు."

కడుపు లోపలి పొరని పుండు చేస్తున్నది అదేనంది డాక్టరమ్మ. ఇవాళే మానేయమంది.

అసిరమ్మ ఆ బిళ్ళని మళ్లీ చెంగున ముడేసుకుంది.

"మానేస్తాను డాక్టరమ్మా. మరి గంప నువ్వు మోస్తావేటి?"