కళ్లజోళ్ల కెప్టెన్

ఊళ్లో సగం మంది ముక్కుల మీద ఆయన అమ్మిన కళ్లజోళ్లే ఉంటాయి. ఆయన ముక్కు మీద మాత్రం ఏమీ ఉండదు. అరవై దగ్గర పడుతున్నా తనకు జోడు అవసరం రాలేదని చెప్పుకోవడం ఆయనకు ఏనుగెక్కినంత గొప్ప. "చూపు తగ్గడమంతా ఉత్త బద్ధకమండీ" అని షాపుకొచ్చిన వాళ్ల మొహం మీదే అంటాడు, వాళ్లకు జోడు అంటగడుతూనే. గోడ మీది అక్షరాల అట్టను అట్టడుగు వరస దాకా గడగడా చదివి చూపిస్తాడు. ఏళ్ల తరబడి రోజూ వింటున్న అక్షరాలు మరి, కళ్లు మూసుకునైనా చదవొచ్చు.

ఒకరోజు ఆయన భార్య ఆ అట్ట తీసేసి కొత్తది తగిలించింది. అది చదవబోయి, షాపులో వెలుతురు చాలడం లేదని ఆయన లైట్లు బిగించినవాణ్ణి పిలిపించి చెడామడా తిట్టాడు. కౌంటరు వెనక కూర్చుని అద్దాలు బిగించే మనిషి ఆవిడ. ఆవిడకు అర్థం కాకుండా ఎలా ఉంటుంది? డాక్టరు మాట ఎత్తినప్పుడల్లా ఆయన కంచం ముందు నుంచి లేచి వెళ్లిపోయేవాడు.

ఇలాంటి మహానుభావుడు మోటార్‌సైకిళ్ల జట్టుకు కెప్టెన్. జట్టంటే తొమ్మిది బళ్లు, తొమ్మిది బొజ్జలు, తొమ్మిది తోలు కోట్లు, ప్రతి కోటు వీపు మీదా రెక్కలు చాచిన డేగ. ఇంట్లో ఎవరూ వినని గొప్పలు ఒకరికొకరు చెప్పుకోవడానికి ఏడాదికోసారి రోడ్డున పడతారు. వాళ్లకున్న రూలు ఒక్కటే, కెప్టెన్‌ను ఎవరూ దాటకూడదు. అది పెట్టింది ఎవరో వేరే చెప్పక్కర్లేదు.

ఈసారి ఆవిడ కూడా వెనక సీటు ఎక్కింది, ముచ్చటపడి కాదు. ఒక్కణ్ణే వదిలితే ఏ లారీ కిందో పడతాడు, పక్కనుంటే కనీసం చెవిలో అరవొచ్చు.

మైదానం మొదలైన దగ్గర్నుంచీ ఒకటే వాన. కొండా లేదు, గుట్టా లేదు. రెండు వైపులా తడిసి వాలిపోయిన గోధుమ చేలు, మధ్యలో తిన్నగా తారు రోడ్డు. చిన్నపిల్లాడు కూడా తప్పిపోలేని దారి.

"లారీ వస్తోంది, పక్కకి లాగండి" అందావిడ.

"కనిపిస్తోందిలే" అంటూనే ఆయన ఉలిక్కిపడి పక్కకు లాగాడు. లారీ ఇద్దరినీ బురదతో తడిపేసి పోయింది. ఆవిడ ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని కూర్చుంది.

ఆ తర్వాత ఆయన అదృష్టం పండి ముందు ఒక ట్రాక్టరు దొరికింది. దాని వెనకున్న ఎర్రదీపం పట్టుకుని ఎద్దుబండి వేగంతో పోసాగాడు, ఆయన వెనక ఎనిమిది డేగలు. ట్రాక్టరు కుడికి తిరిగితే ఆయనా తిరిగాడు. తారు పోయి కంకర వచ్చింది. కంకర పోయి బురద వచ్చింది.

"ఏమండీ, ఇది రోడ్డు కాదు."

"అడ్డదారి. నువ్వూరుకో."

ట్రాక్టరు ఒక రేకుల షెడ్డులోకి వెళ్లి ఆగింది. తొమ్మిది బళ్లూ బారులు తీరి దాని వెనకే వెళ్లి, ఎరువు బస్తాల మధ్య ఆగాయి. ఇదేమిటని ఒక్కడూ అడగలేదు.

రబ్బరు బూట్లేసుకున్న రైతు ఒకావిడ ట్రాక్టరు దిగి నోరెళ్లబెట్టి చూస్తోంది. కెప్టెన్ హెల్మెట్ తీసి, జుట్టు సవరించుకుని, ఆ మసక వెలుతురులో నాలుగడుగులు వేశాడు. గుంజకు తగిలించి ఉన్న పచ్చ రెయిన్‌కోటు ముందు హుందాగా నిలబడ్డాడు.

"నమస్కారమండీ. వాన తగ్గేదాకా ఇక్కడ ఆగుదామని మా వాళ్లని తీసుకొచ్చాను. మీకేం ఇబ్బంది లేదు కదా?"

రెయిన్‌కోటు ఏమీ అనలేదు.

ఎనిమిది మందీ చూశారు. చూసి, ఒకడు గ్లవ్స్ పిండుకున్నాడు, ఒకడు వంగి టైరు తడిమాడు. వాళ్లలో బేకరీ నడిపే కెప్టెన్ తమ్ముడు మాత్రం గొంతు సవరించుకుని, "భలే చోటు పట్టావన్నా, లేకపోతే ఈ వానలో మన పని అయిపోయేది" అన్నాడు. మిగతా వాళ్లు తలలూపారు. ఆవిడకు మొగుడి మీద కంటే వీళ్ల మీద అసహ్యం వేసింది. పొద్దున్నే మళ్లీ ఈయన వెనకే బారు తీరతారు, ఈయన ఏ కాలవలో దిగితే ఆ కాలవలోకే.

"నేనిటు ఉన్నానండీ" అంది రైతు మెల్లగా.

ఆయన తల ఆ గొంతు వైపు తిరిగింది.

"బండి తాళం ఇవ్వండి" అంది భార్య, అందరికీ వినబడేలా. "ఇక మీరు నడిపితే నేనెక్కను, వీళ్లనీ రానివ్వను. తమ్ముడి వెనక కూర్చోండి. ఇంటికెళ్లగానే డాక్టరు దగ్గరికి."

"అందరి ముందూనా?" అన్నాడాయన, లోగొంతుకతో.

"అందరూ చూశారండీ. చూడనిది మీరొక్కరే."

ఆయన జేబులోంచి తాళం తీసి చెయ్యి చాచాడు, ఆవిడ ఉన్న చోటికి కాదు, ఆవిడకు ఒక అడుగు ఎడంగా. ఆవిడ చప్పుడు చెయ్యకుండా ఆ అడుగు జరిగి తాళం అందుకుంది.