చెడింది అన్న మాట

నా చిన్నప్పుడు మా ఇంట్లో బియ్యం లేకపోతే 'నిండుకున్నాయి' అనేవాళ్లు. 'లేవు' అనకూడదు. భూములు పోయి, పామిడి దగ్గర ఆ పాత మట్టిమిద్దె ఒక్కటే మిగిలాక ఆ మాటతో మాకు పని ఎక్కువైంది. ఊళ్లో మమ్మల్ని చెడిన ఇల్లని చాటుగా అనేవారు. అందుకే 'చెడింది' అన్న మాట కూడా మా గడప దాటేది కాదు.

అయినా మా జేజి, అంటే మా నాయనమ్మ, శొంఠి, వాము, కరక్కాయ ఎండబెట్టి దంచి, కడుపునొప్పి అని వచ్చినవాళ్లకు ఊరికే ఇచ్చేది. మాకు మిగిలిన పెద్దరికం అదొక్కటే.

ఆ ఏడు మా కరువు నేల మీద ఎప్పుడూ లేని ముసురు పట్టింది. ఒక పొద్దున జేజి జాడీలో పైపైన పొడి తీసి, పక్కింటి అక్కకు పసిబిడ్డ కోసం పొట్లం కట్టి ఇచ్చింది. తర్వాత అడుగుదాకా గరిటె పెడితే పొడి ఉండలుగా వచ్చింది. ముక్కవాసన, బూజు. మిద్దె కారి, గోడ వెంట దిగిన నీళ్లు జాడీ అడుగు పగులులోంచి లోపలికి చేరినాయి.

మా నాయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఎండకేస్తే సరిపోతాది లేమ్మా. ఎవరన్నా వస్తే నిండుకుందని చెప్పు."

"బూజు ఎండుతాది. అది చేసిన చెడుపు యాడికి పోతాది? నిండుకుందంటే ఆ పిల్ల పొట్లం పారేస్తాదా?"

ఎవరి వాకిటికీ పోయి ఎరగని మా జేజి, కొంగు తలమీదికి లాక్కుని వీధిలోకి నడిచింది. నేను వెనకాల పరుగెత్తాను. అక్క అరుగు మీద, నలుగురి మధ్య కూర్చుని, గోరువెచ్చని నీళ్లలో పొడి కలుపుతోంది.

"పట్టొద్దు తల్లీ. మందు చెడింది. మా మిద్దె కారింది."

అరుగు మీదివాళ్లంతా తలలు తిప్పి చూశారు. అక్కకు నవ్వు ఆగలేదు. "ఏంది జేజీ, అంత పెద్ద మిద్దె కూడా కారతాదా?"

"కారతాది. ఆ గిన్నె ఇట్లియ్యి."

గిన్నెలోదీ పొట్లంలోదీ కాలువలో పారబోసి, గిన్నె కడిగి ఇచ్చి, వంచని మెడతో తిరిగి వచ్చింది. ఇంట్లో జాడీ మొత్తం గుంతలో కుమ్మరించింది. ఇక మా వాకిటికి ఎవరూ రారనుకున్నాను. ఎండలు కాసి కొత్త పొడి దంచిననాడు మొదట వచ్చింది ఆ అక్కే. బిడ్డను చంకనేసుకుని, నవ్వకుండా వచ్చింది.

ఆ మిద్దె ఇప్పుడు లేదు. శొంఠిపొడి నేనే దంచుకుంటాను, తడి చెంచా తగలనివ్వను. బియ్యం అయిపోతే ఇప్పటికీ నిండుకున్నాయనే అంటాను. మందు దగ్గర మాత్రం ఆ మర్యాద పాటించను.