వీధందరి అక్క, నా తోడికోడలు

మా తోడికోడలు పోయిందని మా బావ కడప ఆసుపత్రి నుంచి ఫోను చేసినప్పుడు నేను మగ్గం కింది గుంటలో కాళ్లు పెట్టుకుని నేస్తున్నాను. లేచి వీధిలోకి వచ్చేసరికే ఏడుపులు వినిపిస్తున్నాయి. ఆసుపత్రిలో ఆమెకు తోడున్న మా వీధి పిల్ల ఒకతి కువైట్‌కు మెసేజి పెట్టిందట. అక్కడ పనిచేసే మా ఊరి ఆడవాళ్లు వెంటనే తమ ఇళ్లకు ఫోన్లు చేశారట. ఒంటిమిట్ట పక్కనున్న మా మగ్గాల వీధికి ఆమె చావు కువైట్ మీదుగా వచ్చింది. ఇంటిమనిషిని నేను. నాకంటే ముందు వీధి ఏడ్చింది. నాకు దుఃఖం కంటే ముందు అసూయ పుట్టింది.

వీధంతా అక్కా అని పిలిచే ఆమె మీద అసూయ నాకు కొత్త కాదు. నేను పది పాసయ్యాను, ఆమె ఏడుతో ఆపేసింది. ఆ ఇంట్లో చదువుకున్న కోడలంటే నేనే. కువైట్ నుంచి ఉత్తరం వస్తే చదివించుకోవడానికి అందరూ నా మగ్గం దగ్గరికే వచ్చేవాళ్లు. జవాబు రాసేదీ నేనే. ఆ గౌరవం నాకెంత ఇష్టమో ఆడవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

అప్పట్లో మహిళా సంఘాల నుంచి ఊరికొకరిని కడపకు పిలిపించి కంప్యూటరు నేర్పిస్తామన్నారు. నేనే పోతాననుకున్నాను. మా అత్త అడ్డం పడింది.

"నీ చెయ్యి మంచిది పాపా. నువ్వు లేస్తే మగ్గం పండుకుంటాది. పెద్దకోడలు నేసేది ఎట్లాగూ జల్లెడే కదా, దాన్ని పంపిస్తాం" అనింది.

నేత బాగా వచ్చినందుకు నేను గుంటలో ఉండిపోయాను. రానందుకు ఆమె బస్సెక్కింది.

నేర్చుకుని వచ్చాక సంఘంవాళ్లు మా ముందుగదిలోనే ఒక కంప్యూటరు పెట్టారు. నెట్టు టెలిఫోను తీగ మీదే రావాలి. కలిసేటప్పుడు అది కీచుకీచుమంటుంటే ఆమె దూడను పిలిచినట్టు "రా తల్లీ, రా" అని బతిమాలేది. ఇంగ్లీషు రానివాళ్ల కోసం మీటల మీద తెలుగు అక్షరాలు రాసింది, ఎర్ర గోళ్లరంగుతో. ఆ సీసా నాది. అడిగిన పాపాన పోలేదు.

ఎవరొచ్చినా మౌసు వాళ్ల చేతికే ఇచ్చేది, తను ముట్టుకునేది కాదు. "మాకేం తెలుస్తాదమ్మా, నువ్వే చేయి" అని ముసలివాళ్లు మొత్తుకుంటే ఒకటే మాట: "నేను చేస్తే రేపు గూడా నీకు నేనే కావాల. నువ్వు చేసుకుంటే నేను ఊర్లో లేకున్నా నడుస్తాది."

కొద్దికొద్దిగా నా మగ్గం దగ్గరికి ఉత్తరాలు రావడం తగ్గింది. మా ఎదురింటి సుబ్బమ్మత్త మాత్రం వచ్చేది. ఆమె కూతురు పెంచలమ్మ కువైట్‌లో ఒక ఇంట్లో పనిమనిషి. ప్రతి ఉత్తరంలోనూ 'నేను బాగుండాను, నువ్వు దిగులు పడొద్దు' అని ఉండేది. నేను చదివేదాన్ని, ఆమె తృప్తిగా వెళ్లేది. ఒక మధ్యాహ్నం సుబ్బమ్మత్త కూడా నా మగ్గం దాటుకుని ముందుగదిలోకి వెళ్లింది. నేను పేక దారం ఆడించే నాడె ఆపి అటే చూస్తూ కూర్చున్నాను.

యజమానులు బజారుకు పంపిన పూట పెంచలమ్మ అక్కడ ఒక నెట్టు అంగడిలో దూరి కెమెరా ముందు కూర్చుందట. తెర మీద మొహం ముక్కలు ముక్కలుగా వచ్చి నిలిచింది. సుబ్బమ్మత్త తెర దగ్గరికి వంగింది.

"ఏమ్మే, ఇట్ల అయిపోయినావు? ఆ చేతికి కట్టేంది?"

"ఏం లేదుమా. బాగుండాను."

"బాగుంటే చెయ్యి యాల దాస్తాండావు? తియ్యి, చూడనీ."

పెంచలమ్మ ఏడ్చేసింది. కాలిన చెయ్యి. పాస్‌పోర్టు యజమానుల దగ్గర ఉండిపోయింది. ఇన్నేళ్లు ఆ 'బాగుండాను' అనే మాటను తప్పు లేకుండా చదివి వినిపించింది నేనే. నా పదో తరగతికి తెలియనిది ఆ తెర ఒక్క చూపులో చెప్పింది.

అక్కతో కలిసి వీధిలోని ఆడపిల్లలు కువైట్‌లోని మన రాయబార కార్యాలయం అడ్రసు వెతికి పట్టుకున్నారు. అర్జీలో కూతురి పేరు మాత్రం సుబ్బమ్మత్త చేతనే కొట్టించింది అక్క. ఆమె ఒంటివేలితో ఆ ఎర్రక్షరాలు వెతుక్కుంటుంటే గదిలో అందరూ ఆ వేలివైపే వంగి చూశారు. జవాబు రాకపోతే మళ్లీ పంపారు, మళ్లీ పంపారు. చివరికి ఆ కార్యాలయంవాళ్లు కాగితాలు ఇప్పిస్తే పెంచలమ్మ ఇంటికొచ్చింది. మా గడప ఎక్కి అక్క కాళ్లకు దండం పెట్టింది. నాకు నవ్వు మొహం పెట్టడం కష్టమైంది.

జనం పోయాక ఉండబట్టలేక అడిగాను. "ఊరందరికీ నేర్పిస్తివి. నాకు నేర్పాలని ఒక్కదినమన్నా అనిపించలేదా అక్కా?"

ఆమె నా వైపు వింతగా చూసింది.

"నువ్వు మగ్గం మీద ఉంటే పలకరించాలంటేనే నాకు భయం పాపా. ఇంటికి ఎవరొచ్చినా అత్త నీ చీర తీసి చూపించేది. నాది మడిచి లోపల పెట్టేది. నాకు శానా కుళ్లుగా ఉన్నింది. నీ ఎదురుగా కూర్చోలేకనే నేను కడప బస్సెక్కింది."

"నాకూ నీ మీద అంతే అక్కా" అన్నాను. తరువాత ఆమెకు నవ్వొచ్చింది. "ఒకే ఇంట్లో ఇద్దరు కుళ్లుబోతులను బాగా ఏరుకునింది అత్త" అనింది. అంత నవ్వు ఆ ఇంట్లో మేము ఎప్పుడూ నవ్వలేదు.

ఆ మరునాటి నుంచి మధ్యాహ్నాలు తావులు మార్చుకున్నాం. ఆమె దగ్గర నేను మెయిలు పంపడం నేర్చుకున్నాను. నా దగ్గర ఆమె అంచు తిన్నగా నేయడం నేర్చుకోలేదు. పేక వదులు చేసి, దారం తెంపి, నన్ను కేకేసేది. ఒకరోజు అలాగే నేస్తూ, కడుపులో నొప్పిగా ఉందని లేచింది. కళ్లు పచ్చగా ఉన్నాయని నేను అప్పుడే చూశాను. కామెర్లు ముదిరాయన్నారు కడపలో. మళ్లీ ఇంటికి రాలేదు.

దినం నాడు వచ్చిన జనానికి ఇల్లు చాలలేదు. నాకు పింఛను కాగితం తెప్పించిందని ఒకరు, నా మొగునితో మాట్లాడించిందని ఒకరు, నాకు సొంత అక్కకంటే ఎక్కువని ఒకరు. వింటూ మూలన కూర్చున్నాను. అందరి దగ్గరా ఆమె ఉంది. ముందుగదిలో ఇప్పుడు పెంచలమ్మ కూర్చుంటోంది. గది నడుస్తోంది, పిల్లలు వస్తున్నారు. నాకు సంతోషమే. ఆ కుర్చీలో ఇంకొకరిని చూస్తే ఇప్పటికీ మొహం తిప్పుకుని మగ్గం గుంటలోకి దిగుతాను.

దినం నాడు ఇంటికి పోయేముందు సుబ్బమ్మత్త మగ్గం దగ్గరికి వచ్చింది. "ఆయమ్మ చేత్తో నేసిన చీరంట కదా ఇది. దించినాక నాకియ్యి పాపా. గుర్తుగా పెట్టుకుంటా."

"ఇది ఇయ్యను అత్తా" అన్నాను.

ఆమె చీరను ఒకసారి చేత్తో తడిమి వెళ్లిపోయింది.

మగ్గం మీద చీర ఇంకా అలాగే ఉంది. నేను నేసినంత మేర నున్నగా, చిక్కగా ఉంటుంది. ఆ తరువాత అక్క నేసిన జానెడు మేర అంచు వంకరపోయి, పేక వదులుగా ఉంటుంది. విప్పి సరిచేయడం నాకు ఒక పూట పని. పొద్దున కిటికీలోంచి ఎండ పడితే, ఆ జానెడు గుడ్డలోంచి మాత్రం వెలుగు కిందికి దిగి గుంటలో నా పాదాల మీద చుక్కలు చుక్కలుగా పడుతుంది.